బందీలను మోసే నౌక, నౌకను ముంచే బరువు: ‘వారియర్స్ గేట్’ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
బ్రిటన్‌కు చెందిన బీబీసీ ధారావాహిక ‘డాక్టర్ హూ’లో భాగంగా 1981 జనవరిలో ప్రసారమైన ‘వారియర్స్ గేట్’ బందీలను రవాణా చేసే ఒక అంతరిక్షనౌక కథ. ఆ నౌక పతనం బానిసత్వ నిర్మాణంలోనే ఇమిడి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఒకనాటి ప్రభువులు నేటి బందీలు కావడాన్ని పూర్వకర్మ ఫలంగా చదివే అవకాశాన్ని పరిశీలించి, ఆ పఠనాన్ని కథనంలోని ఆధారాలతోనే నిరాకరిస్తుంది.

కీలకపదాలు: వైజ్ఞానిక కల్పన, బానిసత్వం, అంతరిక్షనౌక, ప్రభువు–బానిస సంబంధం, కర్మ సిద్ధాంతం.

1. ఉపోద్ఘాతం:
వైజ్ఞానిక కల్పనను భవిష్యత్తును ఊహించే ప్రక్రియగా మాత్రమే చూడటం మన విమర్శలో సాధారణంగా కనిపించే ధోరణి. పరిచితమైన లోకాన్ని అపరిచితం చేసి, దానిని కొత్తగా ఆలోచింపజేయడం ఈ ప్రక్రియ లక్షణమని డార్కో సువిన్ 1979లో సిద్ధాంతీకరించాడు. ఆ దృష్టితో చూస్తే అంతరిక్షనౌక భవిష్యత్తు కంటే గతాన్నే ఎక్కువగా మోస్తుంది. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో ఓడ ఒక రవాణా సాధనం మాత్రమే కాదు, మనిషిని సరుకుగా మార్చిన స్థలం కూడా. పాల్ గిల్‌రాయ్ 1993లో వెలువరించిన ‘ది బ్లాక్ అట్లాంటిక్’లో ఓడను ఆధునికతకు కేంద్రచిహ్నంగా నిలపడానికి కారణం ఇదే. ఈ నేపథ్యంలో ‘వారియర్స్ గేట్’ ప్రత్యేక పరిశీలనకు అర్హమైనది.

2. ఇతివృత్తం:
స్టీఫెన్ గాలగర్ రచించగా పాల్ జాయిస్ దర్శకత్వం వహించిన ఈ కథ నాలుగు భాగాలుగా ప్రసారమైంది. రోర్విక్ అనే నాయకుడి నౌక దారితప్పి, దిక్కులూ దూరాలూ లేని తెల్లని శూన్యంలో చిక్కుకుంటుంది. అందులో సింహముఖం గల థారిల్ జాతివారు సరుకుగా నిద్రావస్థలో ఉంటారు. కాలప్రవాహాన్ని గ్రహించి అందులో సంచరించగలగడం వారి సహజశక్తి. నౌకకు దారి చూపేందుకు బైరాక్ అనే థారిల్‌ను సంకెళ్లతో ఆసనానికి బంధిస్తారు. అతడు తప్పించుకుంటాడు. అదే శూన్యంలోకి వచ్చిపడిన డాక్టర్, రోమానా, ఎడ్రిక్ అనే బాటసారులు ఈ నౌకాసిబ్బందికి తారసపడతారు. రోమానాకు కూడా కాలజ్ఞానం ఉందని గ్రహించిన రోర్విక్ ఆమెను బైరాక్ స్థానంలో బంధిస్తాడు. శూన్యంలో ఉన్న ఒక శిథిల ద్వారం వెనుక థారిల్ జాతి పూర్వవైభవం, దాని దురాగతాలు బయటపడతాయి.

3. తుపాకి – దిక్కు:
ఈ కథలో ఆయుధాలు ఎవరి చేతిలో ఉన్నాయో వారికి దారి తెలియదు. దారి తెలిసినవారు సంకెళ్లలో ఉన్నారు. రోర్విక్ తుపాకి గురిపెట్టి రోమానాను బెదిరించగలడు, డాక్టర్‌ను చుట్టుముట్టగలడు, కానీ నౌకను ఒక్క అడుగు కూడా కదపలేడు. ప్రభువు తన ఉనికికి బానిస శ్రమపైనే ఆధారపడతాడని హెగెల్ 1807లో చేసిన ప్రతిపాదన ఇక్కడ నాటకీయ రూపం పొందింది. అయితే గాలగర్ దానికి ఒక అంశాన్ని జోడించాడు. బానిస నుండి దోచుకుంటున్నది కండబలం కాదు, జ్ఞానం. అంటే తమకు లేని జ్ఞానాన్ని స్వాధీనం చేసుకోవడం కోసమే ఆ జ్ఞానం గలవారిని వీరు పశువులుగా పరిగణిస్తున్నారు. ఈ వైరుధ్యమే రోర్విక్ క్రమక్రమంగా వివేకం కోల్పోవడానికి మూలం.

సిబ్బంది చిత్రణ కూడా గమనింపదగినది. వారు రాక్షసులు కారు. మాసిన దుస్తులతో, విసుగుతో, తమ రాబడి లెక్కలతో కాలం వెళ్లదీసే కూలివారిలా కనిపిస్తారు. మరో మార్గదర్శి కోసం నిద్రలో ఉన్న బందీలపై ప్రాణాంతకమైన విద్యుత్ ప్రయోగాలు చేసేటప్పుడు కూడా వారి ముఖాల్లో ద్వేషం ఉండదు. సరుకు నష్టపోతున్నదన్న చిరాకు మాత్రమే ఉంటుంది. క్రూరత్వం దినచర్యగా మారినప్పుడు దానికి ద్వేషం అవసరం లేదన్న సత్యాన్ని ఈ చిత్రణ బలంగా చెబుతుంది.

ఇది చరిత్రకు దూరమైన ఊహ కాదు. 1781లో జాంగ్ అనే బానిస ఓడ జమైకాను గుర్తించలేక దారితప్పింది. నీటి కొరతను కారణంగా చూపి ఓడవారు 130 మందికి పైగా ఆఫ్రికన్ బందీలను సముద్రంలోకి తోసివేశారు. 1783లో ఈ ఘటన ఇంగ్లండు న్యాయస్థానానికి హత్యానేరంగా కాక సరుకు నష్టానికి సంబంధించిన బీమా వివాదంగా చేరింది. దారితప్పినవారు నౌకను నడిపినవారు, మూల్యం చెల్లించినవారు బందీలు. దాదాపు 200 ఏళ్ల తర్వాత ప్రసారమైన ఈ కథలోని పరిస్థితి కూడా అదే.

4. గోడల బరువు:
కథలో అత్యంత అర్థవంతమైన కల్పన నౌక నిర్మాణానికి సంబంధించినది. కాలంలోకి జారిపోగల థారిల్ జాతిని మామూలు గోడలు ఆపలేవు. అందుకే నౌకను కుబ్జతార పదార్థంతో తయారైన మిశ్రలోహంతో నిర్మించారు. శ్వేత కుబ్జతారలోని చెంచాడు పదార్థం టన్నుల కొద్దీ తూగుతుందన్నది ఖగోళశాస్త్ర సత్యం. కథలో ఈ అపారమైన ద్రవ్యరాశి చుట్టూ ఉన్న శూన్యాన్నే కుంచింపజేస్తుంది. ద్వారానికీ, నౌకకూ, టార్డిస్‌కూ మధ్య దూరం క్షణక్షణం తగ్గిపోతుంది.

నౌక పతనానికి దారితీసే ఈ పరిణామం యంత్రలోపం వల్ల వచ్చినది కాదు. బందీలు తప్పించుకోకుండా కట్టిన గోడలే బంధించినవారి లోకాన్ని ఇరుకు చేస్తున్నాయి. ప్రతీక ఇక్కడ అలంకారంగా కాక కథలోని భౌతిక నియమంగా పనిచేస్తుంది. ఉపన్యాసం ఇవ్వకుండా, ఒక లోహం బరువు ద్వారా నైతిక సత్యాన్ని నిరూపించడం గాలగర్ సాధించిన విజయం. చివరకు రోర్విక్ ద్వారంలోని అద్దాలను బద్దలు కొట్టడానికి నౌక ఇంజిన్ల జ్వాలను వాటిపైకి మళ్లిస్తాడు. ఆ శక్తి ప్రతిఫలించి నౌకనే దహిస్తుంది. గోడలు, అద్దాలు రెండూ ప్రయోగించినవారి బలాన్ని వారికే తిప్పికొడతాయి.

5. ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’?
కథ ఇంతటితో ఆగితే సరళమైన బానిసత్వ వ్యతిరేక కథగా మిగిలేది. ద్వారం వెనుక ఉన్న విందుశాల దానిని సంక్లిష్టం చేస్తుంది. అక్కడ డాక్టర్ చూసేది థారిల్ సామ్రాజ్యపు గతం. ఆ విందులో థారిల్ ప్రభువులకు మనుషులు బానిసలుగా వడ్డిస్తుంటారు. సేవకురాలిపై చేయిచేసుకోవడం వారికి వినోదమంత సహజం. ఆ బానిసలే గుండాన్లనే యోధయంత్రాలను నిర్మించి ఒక విందునాడు తిరుగుబాటు చేశారు. వర్తమానంలో ఆ శాల సాలెగూళ్లతో, యంత్రాల అస్థిపంజరాలతో నిండి ఉంది. గొడ్డలి దెబ్బ ఒకటి బల్లపై పడగానే గతం మాయమై, అదే బల్ల వద్ద డాక్టర్ చుట్టూ రోర్విక్ మనుషుల తుపాకులు కనిపించే సన్నివేశం ఈ రెండు కాలాలను ఒకే స్థలంలో నిలబెడుతుంది.

ఇక్కడ మన పాఠకుడికి ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అన్న సామెత వెంటనే స్ఫురిస్తుంది. బైరాక్ మాటల్లోని నిర్లిప్తత కూడా ఈ పఠనానికి కొంత ఊతమిస్తుంది. బాధను పూర్వాపరాధానికి ఫలంగా వివరించే అలవాటు మన సంస్కృతిలో బలమైనది. కుల అణచివేతకు సమర్థనగా ఈ వాదం ఎంతకాలం ఉపయోగపడిందో తెలుగు దళిత సాహిత్యం మనకు నేర్పింది. కాబట్టి ఈ పఠనాన్ని నిశితంగా పరీక్షించవలసి ఉంది.

కథనం ఈ పఠనాన్ని మూడు విధాలుగా అడ్డుకుంటుంది. మొదటిది: గతాన్ని తనదిగా స్వీకరించేది బైరాక్ ఒక్కడే. నిద్రలో ఉన్న బందీలకు ఆ విందులో భాగం ఉందని కథ ఎక్కడా చెప్పదు. జాతి చేసిన నేరానికి వ్యక్తులను బాధ్యులను చేయడం బానిస వ్యాపారి తర్కమే అవుతుంది. రెండవది: గుండాన్లను సృష్టించినవారు కోరింది విముక్తి. రోర్విక్ కోరుతున్నది ధర. పూర్వబానిసల తిరుగుబాటుకూ ఈ వ్యాపారానికీ నైతిక బంధుత్వం లేదు. రోర్విక్ ఏనాడూ న్యాయం పేరు ఎత్తడు. మూడవది: గతాన్ని తెలుసుకున్న తర్వాత కూడా రోమానా బందీల పక్షాన్నే నిలబడుతుంది. ఇతర లోకాల్లో ఉన్న థారిల్ బానిసల విముక్తి కోసం డాక్టర్‌ను విడిచి, కె-9తో కలిసి అక్కడే ఉండిపోతుంది. బాధితుడు నిర్దోషి అయితేనే అతడి విముక్తి న్యాయమవుతుందన్న షరతును ఆమె నిర్ణయం తిరస్కరిస్తుంది. ఈ కథకు నైతిక కేంద్రం ఇదే.

6. పరిమితి:
ఈ కథలో ఒక లోపం లేకపోలేదు. బందీల్లో అత్యధికులకు పేరు లేదు, గొంతు లేదు. విద్యుత్ ప్రయోగంలో కాలిపోయిన లాజ్లో రోమానాను విడిపిస్తాడు, తమవారిని హింసించిన సేగన్‌ను అంతం చేస్తాడు. అతడిని మినహాయిస్తే మిగిలినవారు మంటల్లోంచి కాలంలోకి నడిచి వెళ్లే దృశ్యం అద్భుతమే కానీ, అది వారు పోరాడి గెలుచుకున్న స్వేచ్ఛగా అనిపించదు. ఏమీ చేయవద్దని బైరాక్ డాక్టర్‌కు చేసే సూచనను సహాయ నిరాకరణగా అర్థం చేసుకోవచ్చు. పీడకుడి యంత్రానికి చేయూత ఇవ్వకపోవడం కూడా ఒక చర్యే. అయితే నిరాకరణ అనేది బందీలందరి నిర్ణయంగా కనిపించి ఉంటే కథ మరింత బలపడేది.

7. ముగింపు:
19వ శతాబ్దంలో కోరంగి రేవు నుండి మారిషస్‌కు, 1903 నుండి మద్రాసు రేవు ద్వారా ఫిజీకి ఒప్పంద కూలీలుగా వెళ్లిన తెలుగువారి ఓడ ప్రయాణాలు మన చరిత్రలో ఉన్నాయి. ఒప్పంద కూలీ వ్యవస్థ, బానిస వ్యవస్థ ఒకటి కావు. అయినప్పటికీ మనుషులను తలల లెక్కన ఎక్కించుకున్న ఓడ అనుభవం మనకు పరాయిది కాదు. ఆ అనుభవాన్ని వైజ్ఞానిక కల్పనగా మలచదలచిన తెలుగు రచయితకు ‘వారియర్స్ గేట్’ రెండు పాఠాలను అందిస్తుంది. నిర్బంధపు బరువును కథ నిర్మాణంలోనే చూపవచ్చు. అలాగే పీడితుల గతంలోని మచ్చను దాచకుండానే వారి విముక్తిని బేషరతుగా సమర్థించవచ్చు. రెండవది మొదటిదాని కంటే కష్టమైనది. సాహిత్య విమర్శకు కూడా నేడు ఎక్కువ అవసరమైనది అదే.