పంపు కోసం పుట్టిన బండి

ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో మన హైదరాబాదు ఫైరింజన్ ఒకటుంది. 1914లో ఇంగ్లండులోని సాల్ఫోర్డ్‌లో జాన్ మోరిస్ అండ్ సన్స్ కంపెనీ కట్టిస్తే నిజాం రైల్వే కొనుక్కుంది. ఎర్ర రంగు, ఇత్తడి గంట, గాలితో పనిలేని గట్టి రబ్బరు టైర్లు. ఆవిరి ఇంజన్ల సందడిలో దాన్ని దాటి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం ఎంతోసేపు అక్కడే నిలబడిపోయాను. ముచ్చటేసింది దాని వయసు చూసి కాదు, దాన్ని కట్టిన తీరు చూసి.

మోరిస్ వాళ్ల వృత్తి మోటారు బండ్లు చేయడం కాదు, నిప్పార్పే సామాను చేయడం. ఛాసిస్ మాంచెస్టర్‌లోని బెల్‌సైజ్ మోటార్స్ వాళ్లది. అందుకే దాన్ని మోరిస్-బెల్‌సైజ్ అంటారు. నేటికీ పద్ధతి అదే. ఛాసిస్ టాటాదో అశోక్ లేలాండ్‌దో ఉంటుంది. దాని మీద ట్యాంకు, పంపు, అరలు బిగించే పనివాళ్లు వేరే. రోడ్డు మీద మనకు కనిపించేది లారీ. నిప్పు దగ్గరికి చేరాక పని చేసేది పంపు. బండి ఆగాక ఇంజన్ బలాన్ని చక్రాల నుంచి తప్పించి పంపుకు మళ్లిస్తారు. అక్కడి నుంచి డ్రైవర్ ఆపరేటర్ చెవి పంపు మోత మీదే ఉంటుంది. నీళ్లు అందుతున్నాయా, గాలి పీలుస్తోందా అన్నది గేజీ కన్నా ముందే ఆ మోతలో తెలిసిపోతుందంటారు అనుభవమున్నవాళ్లు.

బెల్‌సైజ్ కంపెనీ 1925లో మూతపడింది. హైదరాబాదు బండి మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాలు కొలువు చేసింది. చేసినవాడే లేకపోయాక విడిభాగాలు ఎవరు పంపుతారు? అరిగినదాన్ని ఇక్కడి ఫిట్టర్లు, టర్నర్లే మళ్లీ చేసుకుని ఉండాలి. ఆ ఫైరింజన్ చరిత్రలో సాల్ఫోర్డ్‌కు ఎంత వాటా ఉందో ఈ చేతులకూ అంత వాటా ఇవ్వాలని నా పట్టు. ఇప్పటికీ ఫైర్ స్టేషన్లో పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, పంపు ఆడించి చూసే సిబ్బంది చేసేది కూడా బండిని బతికించే ఆ పనే. అలాంటి సిబ్బందిని తలచుకుంటూనే ఏప్రిల్ 14 నుంచి వారం రోజులు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతాం. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు.

మా పల్నాడులో ఆ వారం వచ్చేసరికి ఎండలు ముదిరి ఉంటాయి. కల్లాల్లో మిర్చి, ఇళ్ల పక్కన గడ్డివాములు, జిన్నింగ్ మిల్లుల్లో పత్తి. ఒక్క నిప్పురవ్వ చాలు. 101కి ఫోన్ చేస్తే బండి వస్తుంది. మామూలు ఫైరింజన్ ట్యాంకులో పట్టేది 4,500 లీటర్లు. నిమిషానికి 450 లీటర్ల లెక్కన వదిలితే పది నిమిషాల్లో ఖాళీ. కాలుతున్న వామి లోపలికి నీళ్లు దిగాలంటే దాన్ని చీల్చి, కలియబెట్టి తడపాలి. పది నిమిషాలు దానికే చాలవు. తర్వాత నీళ్లెక్కడివి?

అక్కడే పంపుకున్న హద్దు తెలుసుకోవాలి. సక్షన్ పైపులో గాలి తీసేస్తే బయటి గాలి ఒత్తిడే నీటిని పైకి నెడుతుంది. లెక్క ప్రకారం పది మీటర్ల దాకా ఎక్కాలి, పనిలో ఏడెనిమిది మీటర్లు దాటదు. అంతకన్నా లోతున్న బావి గట్టున ఎంత ఖరీదైన ఫైరింజన్ నిలబెట్టినా చుక్క రాదు. ఇసుకలో దూరంగా పారే నది దగ్గర కూడా అంతే. బండి గట్టు మీద ఆగితే పైపు అందదు, కిందికి దింపితే చక్రాలు దిగబడతాయి.

మా ఊరు ధరణికోట ధాన్యకటకంగా వెలిగిన కాలంలో ఇక్కడివాళ్లు కృష్ణా నదిని ఊరి దగ్గరికి తెచ్చుకున్నారు. 1960ల్లో జరిగిన పురావస్తు తవ్వకాల్లో రేవు కట్టడం, పడవలు రావడానికి తవ్విన కాలువ బయటపడ్డాయి. సరుకు కోసం అంత చేసినవాళ్ల ఊరు ఇది. ఇప్పుడు కావలసింది అంతకన్నా చాలా చిన్న పని. నీటి అంచు దాకా ఒక గట్టి సిమెంటు దారి, నీళ్లు నిండిన ఫైరింజన్ బరువు మోయగలిగేది, వెనక్కి తిప్పుకునే చోటు ఉన్నది. ఆ దారికి అడ్డంగా వాములు వేయకూడదని ఊరంతా కట్టుబాటు చేసుకోవాలి. వచ్చే గ్రామసభలో ఈ మాట నేనే ఎత్తుతాను.