విండోస్ పక్కన ఉబుంటు

విండోస్ ఉన్న కంప్యూటర్‌లోనే ఉబుంటునూ పెట్టుకుని, స్విచ్ వేసినప్పుడల్లా రెండిట్లో కావలసినదాన్ని ఎంచుకునే ఏర్పాటే డ్యూయల్ బూట్. 2004 అక్టోబరులో తొలిసారి విడుదలైన ఉబుంటు ఒక లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్; అది ఉచితం. దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. ఆఫీసు పనికి విండోస్ తప్పనిసరై, లైనక్స్ కూడా నేర్చుకోవాలనుకునేవారికి ఈ పద్ధతి అనువైనది. ఇందులో ఇన్‌స్టాలేషన్ చిన్న పని. దానికి ముందు విండోస్‌లో చేసే సన్నాహమే అసలు పని.

మొదట ముఖ్యమైన ఫైళ్లన్నీ వేరే డిస్కులోకి కాపీ చేసుకోవాలి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. బూట్ సెట్టింగులు మారితే విండోస్ ఆ కీ అడగవచ్చు; అది లేకపోతే ఫైళ్లు చేతికి రావు. తర్వాత ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయాలి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. ఆ స్థితిలో లైనక్స్ దాని డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదముంది. ఆపైన డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ష్రింక్ వాల్యూమ్‌తో చోటు మిగల్చాలి. ఉబుంటుకు కనీసం 25 జీబీ కావాలి. 50 ఉంటే ఇరుకుండదు. ఆ చోటును ఫార్మాట్ చేయకుండా వదిలేయాలి.

ఉబుంటు ఐఎస్ఓ ఫైలును రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే, అందులో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది. ఆ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాక వచ్చే ప్రశ్నల్లో ఒక్కదాని దగ్గర నిదానించాలి: ఉబుంటును ఎక్కడ పెట్టాలి? విండోస్ పక్కన పెట్టమనే ఎంపికనే నొక్కాలి. డిస్కు మొత్తం చెరిపేయమనేది నొక్కితే విండోస్‌తో పాటు ఫైళ్లూ పోతాయి.

పని పూర్తయ్యాక కంప్యూటర్ ఆన్ చేయగానే ఏ సిస్టమ్ కావాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది; రెండు సిస్టమ్‌ల పేర్లూ అందులో ఉంటాయి. ఉబుంటు వాడి విండోస్‌లోకి వెళ్తే మన దేశంలో గడియారం అయిదున్నర గంటలు వెనక్కి కనిపించవచ్చు: ఉదయం 10 గంటలకు 4:30 చూపిస్తుంది. మదర్‌బోర్డు గడియారాన్ని ఉబుంటు అంతర్జాతీయ సమయంగా, విండోస్ స్థానిక సమయంగా లెక్కించడమే ఇందుకు కారణం. ఉబుంటు టెర్మినల్‌లో ఒక్క కమాండ్‌తో దీన్ని సరిచేయవచ్చు.

ఉబుంటు వద్దనుకుంటే దాని పార్టిషన్‌ను వెంటనే తీసేయకూడదు. ముందు బయోస్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదటి వరుసలో పెట్టాలి. లేకపోతే కంప్యూటర్ విండోస్ దాకా వెళ్లకుండా గ్రబ్ దగ్గరే ఆగిపోతుంది.