బొడ్డవర దాటాక

ఈ వారం ఒక మాట నన్ను బాగా గుచ్చుకుంది. బీచ్ రోడ్డులో కొత్తగా సైకిలెక్కిన కుర్రాడొకడు, బలమైనవాళ్ల వెనక నక్కి తొక్కడం దొంగపని అని తేల్చేశాడు. ఎవరి గాలి వాళ్లే కోసుకోవాలట!

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. వంటయినా, వడ్రంగమయినా, పని వచ్చినవాడి వెనక నిలబడి చూసి నేర్చుకోవాల్సిందే. సైకిలు విషయంలో ఈ మాటకి భౌతికశాస్త్రం కూడా సాక్ష్యం చెబుతుంది. వేగం రెండింతలైతే గాలిని తోసుకుపోవడానికి ఎనిమిదింతల శక్తి కావాలి. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో కాళ్ల కష్టం చాలావరకు గాలికే పోతుంది. ముందువాడి చక్రానికి మూరెడు దూరంలో తొక్కితే అందులో పావువంతు దాకా మిగులుతుంది. నాకు ముఖ్యం ఆ మిగులుతో కలిగే తీరిక. రొప్పుతున్నవాడికి రోడ్డు తప్ప ఏమీ కనబడదు. ఊపిరి నిలకడగా ఉన్నవాడికి ముందువాడి పనంతా కనిపిస్తుంది.

మే నెలలో భీమిలి వెళ్లి వెనక్కి వస్తే తెలుస్తుంది. పోయేటప్పుడు వీపు తట్టిన నైరుతి గాలి, వచ్చేటప్పుడు ఛాతీ మీద చేయి పెట్టి ఆపుతుంది. అలాంటి ఒక ఉదయం రైల్వే మిత్రుడొకాయన వెనక వస్తున్నాను. బ్రెవే అనే 600 కిలోమీటర్ల దూరసవారీ పూర్తి చేసిన మనిషి. దానికి గడువు 40 గంటలు. తిండి, కునుకు, పంక్చరు అన్నీ అందులోనే. అంత దూరం పోయినవాళ్లు దేన్నీ వృథా చేయరు. భుజాలు కదలవు, నడుము ఊగదు, పని చేసేవి కాళ్లే. రుషికొండ దగ్గర మెరక ఇంకా మొదలవకముందే గేరు తగ్గించేశాడు. నేనయితే మెరక మధ్యలో, గొలుసు కటకటలాడుతుంటే మార్చేవాణ్ణి. ఎక్కుడయినా దిగుడయినా ఆయన పెడలు తిరిగే లయ మారదు. గుంత వస్తే ఎడమచేయి కిందికి చూపిస్తుంది, ఆగివున్న ఆటో వస్తే అదే చేయి వీపు వెనక్కి వెళ్లి పక్కకు రమ్మంటుంది. ఆకలి కాకముందే జేబులోంచి పల్లీ చిక్కీ తీసి, ఒక ముక్క తాను తిని, ఇంకోటి వెనక్కి చాచాడు. కండరాల్లో దాచుకున్న ఇంధనం గట్టిగా తొక్కితే రెండు గంటలకు మించి రాదు. ఆకలి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఆయన మాత్రం ఇదేమీ వివరించలేదు. సాగరనగర్ వచ్చేదాకా నోరే విప్పలేదు. ఆ ఒక్క పొద్దు నేను చూసింది ఏ యాప్‌లోనూ లేదు.

ఇక్కడికి కుర్రాడికి జవాబు అయిపోవాలి. కానీ అదే మిత్రుడితో అరకు రోడ్డెక్కిన రోజు గుర్తొచ్చింది.

పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా అదే కథ. ఆయన ముందు, నేను వెనక. బొడ్డవర దాటి ఘాట్ మొదలవబోతుండగా ఆయన వెనక్కి తిరిగి, "మేస్టారూ, ఇక్కణ్ణించి నా చక్రం చూడకండి. మీ ఊపిరి మీరు చూసుకోండి" అని వెళ్లిపోయాడు. రెండు మలుపుల్లో మాయం.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఘాట్‌లో వేగం ఎనిమిదీ పదీ కిలోమీటర్లే. అక్కడ గాలి లెక్కలోకి రాదు, పోరాటమంతా బరువుతోనే. అరకు లోయే సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, అందులోకి దిగే ముందు ఇంకా పైకి ఎక్కాలి. ముందువాడి వెనక ఉంటే మిగిలేది దాదాపు ఏమీ లేదు, పోయేది మాత్రం చాలా ఉంది. నా బలానికి కాస్త మించిన వేగంతో ఇరవై నిమిషాలు లాగితే, మిగతా ఘాటంతా కాళ్లు మొరాయిస్తాయి. అందుకే ఆ రోజు ఒక పూర్తి వాక్యం పైకి అనుకోగలిగినంత వేగంలోనే తొక్కాను. మాట తెగితే గేరు దించాను. మలుపులో లోపలి అంచు నిటారుగా ఉంటుంది కాబట్టి, వాహనాలు లేనప్పుడు బయటి అంచు పట్టుకున్నాను. భీమిలి రోడ్డులో చూసి నేర్చుకున్నవన్నీ నాతోనే ఉన్నాయి, వాటిని ఎంత మోతాదులో వాడాలన్నది మాత్రం చూపించేవాళ్లు లేరు. ఎవరి వీపులోనూ అది కనబడదు. ఇన్నేళ్లుగా వెనకాల నిలబడమని రాస్తూ వచ్చిన నేను, వెనకాల నుంచి తప్పుకోవడం గురించి ఒక్క ముక్క రాయలేదు. గురువు ముందుగా తప్పుకుంటేనే అది కుదిరింది.

అనంతగిరిలో కాఫీ తాగుతూ ఆయన అడిగాడు, డముకు దగ్గర మలుపులు ఏ గేరులో వచ్చారని. చెప్పాను. ఎక్కడ లేచి తొక్కానో, ఎక్కడ కూర్చున్నానో కూడా చెప్పాను. ఆయన చూపించని సంగతి ఆయనకు నేను చెప్పడం అదే మొదలు. ఇంకో కాఫీ చెప్పి, మళ్లీ మొదటి మలుపు నుంచి చెప్పమన్నాడు.