బొబ్బిలి కథ చరిత్ర కాదా?

అమెరికా విశ్వవిద్యాలయాలలో ఆసియా ప్రాంతాల అధ్యయనమన్న పేరుతో సాగే ఉన్నత విద్యలో చరిత్ర, సాహిత్యం, మతం, మానవశాస్త్రం వేరువేరు గదులలో ఉండవు. ఒక ప్రాంతాన్నీ దాని భాషనూ ఆధారంగా చేసుకొని వాటన్నిటినీ కలిపి చదువుతారు. 1958 నాటి జాతీయ రక్షణ విద్యా చట్టం ఈ చదువుకు నిధులిచ్చి పెంచింది. దేశరక్షణ కోసం చేసిన ఏర్పాటు తెలుగు కావ్యాలను చదివించేదాకా రావడం విచిత్రమే. ఈ పద్ధతి ఏమి సాధించగలదో, ఎక్కడ తడబడుతుందో 2001లో వెలువడిన 'టెక్స్చర్స్ ఆఫ్ టైమ్' అనే ఆంగ్ల గ్రంథం చూపిస్తుంది. రచయితలు ముగ్గురు: విస్కాన్సిన్‌లో తెలుగు బోధించిన వెల్చేరు నారాయణరావు, జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ షుల్మన్, చరిత్రకారుడు సంజయ్ సుబ్రహ్మణ్యం.

ఆంగ్లేయులు నేర్పేదాకా మనవారికి చరిత్ర రాయడం తెలియదన్న మాటను వీరు ఖండించారు. ఆ రోజులలో చరిత్రకంటూ వేరే ప్రక్రియ లేదు. ఏ కాలంలో ఏ సాహిత్య ప్రక్రియకు ప్రాధాన్యముంటే అందులోనే చరిత్ర రాశారు. కావ్యంలో, జానపద గాథలో, కరణాల వచనంలో. ఏది కల్పనో ఏది జరిగినదో నాటి పాఠకుడు రచన అల్లికను బట్టి గ్రహించేవాడని వీరి వాదం.

గ్రంథంలో మిక్కిలి బలమైనది బొబ్బిలి అధ్యాయం. 1757 జనవరిలో విజయనగరం ప్రభువు విజయరామరాజు పక్షాన ఫ్రెంచి సేనాని బుస్సీ బొబ్బిలి కోటను ముట్టడించాడు. శత్రువుల చేత చిక్కనీయరాదని కోటలోని వారు తమ స్త్రీలను, పిల్లలను తామే చంపుకొని, చచ్చేదాకా పోరాడారు. తరువాత తాండ్ర పాపారాయుడు గుడారంలో చొరబడి విజయరామరాజును పొడిచి చంపాడు. 1964 నాటి చలనచిత్రం వల్ల మనలో చాలామందికి ఇదంతా తెలిసినదే. రచయితలు ఐరోపా వారి వృత్తాంతాలనూ, దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము'నూ, జానపద గాథనూ పక్కపక్కన పెట్టి చదివారు. ఒక్క శాస్త్రం మాత్రమే తెలిసినవారికి ఇది సాధ్యమయ్యే పని కాదు. కావ్యాన్ని అలంకారమని, పాటను పుక్కిటి పురాణమని పక్కన పెట్టే అలవాటుకు ఇంతకంటే మంచి జవాబు నేను చదవలేదు.

అయితే 'అల్లిక' అన్న కొలబద్ద మాత్రం గట్టిది కాదు. 2007లో షెల్డన్ పొలాక్ ఈ వాదాన్ని నిశితంగా విమర్శించాడు. నాకు తోచిన లోపం మరొకటి: అల్లిక భాషలో ఉంటుంది, గ్రంథమేమో ఆంగ్లంలో ఉంది. "రాజు వచ్చాడు" అంటే ఒకటి, "రాజు వచ్చాడట" అంటే మరొకటి. ఆ చివరి 'ట' తాను చూడలేదని, విన్నానని చెబుతుంది. "అనగనగా" అనగానే పసివాడికి కూడా అది కథ అని తెలుస్తుంది. అనువాదంలో ఇటువంటి సంకేతాలు చాలావరకు చెరిగిపోతాయి. తెలుగు రాని పాఠకుడు రచయితల మాట నమ్మడం తప్ప చేయగలిగింది లేదు.

ఇళ్ళలో తెలుగు వింటూ పెరిగి, ఇటువంటి చదువుల వైపు చూస్తున్న మన పిల్లలకు ఆ 'ట' అప్రయత్నంగా వినిపిస్తుంది. అది చిన్న ఆస్తి కాదు. కాని దానితోనే రంగరాయ చరిత్రము అర్థం కాదు. సంధులు, సమాసాలు, ఛందస్సు ఏళ్ళ తరబడి నేర్వవలసిందే. ఈ గ్రంథాన్ని వారి చేతికిచ్చేటప్పుడు పీఠికతో మొదలుపెట్టించకండి, అది కాస్త కఠినం. ముందు బొబ్బిలి అధ్యాయం చదవనివ్వండి.