'అడవి రాముడు' - 'ఒక ఊరి కథ': ఒక పరిశీలన

జనం మెచ్చినదంతా చవకబారు సరుకని ఒక వాదం. జనానికి ఎక్కనిది కళే కాదని మరొక వాదం. రెండూ పరిశీలన అనే శ్రమను తప్పించుకొనే మార్గాలే. 1977లో వచ్చిన రెండు తెలుగు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. ఒకటి రాఘవేంద్రరావు 'అడవి రాముడు', రెండవది మృణాల్ సేన్ 'ఒక ఊరి కథ'. మొదటిదానికి హాళ్లు కిటకిటలాడాయి. రెండవదానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది గాని హాళ్లు నిండలేదు. చూసినవారిలోనూ ఏకాభిప్రాయం లేదు.

'అడవి రాముడు' విజయాన్ని రామారావు ఆకర్షణతో, వేటూరి పాటలతో, మహదేవన్ బాణీలతో మాత్రమే వివరించలేము. అడవిని దోచుకొనేవారిపై కథానాయకుని దెబ్బ పడినప్పుడు ఈల వేసే నేల తరగతి ప్రేక్షకుడు దోపిడిని ఎరిగినవాడు. ఆ ఈలలో న్యాయకాంక్ష ఉన్నది. దానిని ఎగతాళి చేసే హక్కు విమర్శకునికి లేదు. అయితే ఆ కాంక్షను చిత్రం ఏం చేసింది? ఉద్యోగం దాచిపెట్టి వచ్చిన అటవీశాఖ అధికారి చేతికి అప్పగించింది. దోపిడి కొద్దిమంది దుష్టుల దుర్గుణమై, వాళ్లతోనే అంతమైనది. అడవి బిడ్డలకు మిగిలినది చప్పట్లు కొట్టడమే.

'ఒక ఊరి కథ'కు ప్రేమ్‌చంద్ 'కఫన్' ఆధారం. కోడలి శవంపై కప్పవలసిన గుడ్డకోసం అడిగి తెచ్చిన డబ్బును తండ్రీకొడుకులు తాగివేసే కథ అది. చిత్రంలో వాసుదేవరావు ధరించిన వెంకయ్య పనిచేయడు. ఒళ్లు వంచినకొద్దీ ఆసామి లావెక్కుతాడే గాని కూలివాని కడుపు నిండదని అతని సిద్ధాంతం. ఇట్లా చూపడం శ్రామికవర్గానికే అవమానమని నాతో వాదించిన మిత్రులున్నారు. నేను అంగీకరించను. వెంకయ్యది ఒంటరి మనిషి సమ్మె. దాని తర్కంలో సత్యమున్నది, ఆచరణలో క్రౌర్యమున్నది. ఆ సమ్మెకు మూల్యం చెల్లించినది ఆసామి కాదు, నీలమ్మ. మమతాశంకర్ పోషించిన ఈ కోడలు ఆ ఇంటిని ఇల్లుగా నిలబెట్టాలని ఒళ్లు విరుచుకొని పనిచేస్తుంది. చివరకు ఆదుకొనేవారు లేక పురిటినొప్పులతో మరణిస్తుంది. సంఘటితం కాని తిరుగుబాటు తనకంటె బలహీనుల మీదనే పడుతుందని ఇంత నిర్దాక్షిణ్యంగా చెప్పిన తెలుగు చిత్రం మరొకటి నాకు కనబడలేదు.

అట్లని ఇది జనానికి అర్థం కాని చిత్రమని, ఫిలిం సొసైటీలకు వదిలివేయడమూ తప్పే. 1980లో విడుదలైన గౌతం ఘోష్ 'మా భూమి'ని జనం ఆదరించారు. అందులో తెలంగాణ రైతాంగ పోరాటమున్నది, గద్దర్ గొంతున్నది. చేదు నిజాన్ని జనం కాదనరు, తమ గొంతుతో చెప్పమంటారు. సేన్ చిత్రం ఆ గొంతును పూర్తిగా పట్టలేకపోయిందని ఒప్పుకొందాం. కాని 'అడవి రాముడు' ముగిసేసరికి మన కోపం తీరిపోతుంది. నీలమ్మ మరణించిన తరువాత ఎవరి మీద కోపగించాలో మనమే తేల్చుకోవాలి. ఆ బాధ్యతను ప్రేక్షకునికి అప్పగించినందుకే నేను రెండవ చిత్రం పక్షాన నిలుస్తున్నాను.