ఒకే పేరు - రెండు జవాబులు

పైథాన్ భాష నేర్చిన విద్యార్థికి తరువాత నమ్‌పై, పాండాస్ అను లైబ్రరీలను నేర్వుమని చెప్పుట పరిపాటి. వీని వేగము, శక్తి ప్రశంసనీయములే. అయినను బోధనలో ఒక చిక్కు గలదు.

2, 4, 4, 4, 5, 5, 7, 9 అను సంఖ్యల క్రమవిచలనమును రెంటిలోను 'ఎస్‌టీడీ' అను పేరుతోనే అడుగుదుము. ప్రత్యేకముగా వేరొకటి కోరనిచో నమ్‌పై 2 అనును. పాండాస్ సుమారు 2.14 అనును. ఇందు తప్పేదియు లేదు. సగటు 5, విచలనముల వర్గముల మొత్తము 32. దానిని మొదటిది 8తోను, రెండవది 7తోను భాగించి వర్గమూలము తీయును. మన యొద్దనున్నది సమస్త దత్తాంశమైనచో 8, అందుండి తీసిన మచ్చు మాత్రమే అయి, దానినుండి సమస్తమును అంచనా వేయదలచినచో 7 తగును.

ఈ భేదమును ఆ పేరు తెలుపదు. 2014లో పైథాన్‌లోనే చేర్చబడిన స్టాటిస్టిక్స్ మాడ్యూలులో రెంటికి రెండు పేర్లు గలవు: మొదటిదానికి 'పీఎస్‌టీడెవ్', రెండవదానికి 'ఎస్‌టీడెవ్'. దాని వేగము తక్కువయే. కాని తొలి పాఠమునకు అదియే మేలు. ఉపాధ్యాయులు ముందుగా కాగితముపై లెక్క చేయించి, పిమ్మట దీనిని చూపి, ఆపైన తక్కిన రెంటికి పోవుట యుక్తము. పేర్లు మాత్రమే వల్లించిన విద్యార్థికి జవాబు దొరకును. అది ఏ ప్రశ్నకు జవాబో తెలియదు.