గోడ ఎవరిది?

రెవిట్‌లో గోడ గీస్తాం, తలుపు పెడతాం, స్లాబు పరుస్తాం. గది మాత్రం గీయం. గోడల మధ్య ఖాళీలో ఒక క్లిక్కు కొడితే చుట్టూ ఉన్న గోడల్ని సాఫ్ట్‌వేరే వెతుక్కుని, లోపలి వైశాల్యం లెక్కగట్టి, గది పేరు రాసుకోమంటుంది. ఏదో ఒక పక్క గోడ దొరక్కపోతే షెడ్యూల్లో చదరపు మీటర్లు ఉండాల్సిన గడిలో 'నాట్ ఎన్‌క్లోజ్డ్' అని పడుతుంది. మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి ఆఫీసుల్లో బిమ్, అంటే భవనాల డిజిటల్ మోడళ్ల పని చేసేవాళ్లకి ఈ మాట టీ బ్రేక్ కన్నా ఎక్కువ పరిచయం. అది సరిగ్గా సబ్మిషన్ సాయంత్రమే కనిపించడం కూడా ఆనవాయితీయే.

"అన్నా, రూమ్ క్లోజ్ అయితలేదు" అని మా టీమ్‌లోని కరీంనగర్ కుర్రాడు పిలుస్తాడు. వెళ్లి చూస్తే ప్లాన్‌లో నాలుగు గోడలూ నిక్షేపంగా ఉంటాయి.

"గోడ ఎవరిది?"

"స్ట్రక్చరోళ్లది. లింకుల ఉన్నది."

"టిక్ పెట్టావా?"

ముక్కాలు మువ్వీసం కేసులు ఇక్కడే తేలిపోతాయి. మిగిలిన వాటి కోసమే ఈ వారం కాలమ్.

బయటివాళ్లకి కాస్త చెప్పాలి. ఒక పెద్ద భవనం మోడల్ ఒక ఫైలుగా ఉండదు. ఆర్కిటెక్టుది ఒకటి, స్ట్రక్చరల్ ఇంజినీరుది ఒకటి, ఏసీ, కరెంటు, నీళ్లు చూసే ఎంఈపీ వాళ్లది ఇంకొకటి, అద్దాల ముఖభాగం చేసే ఫసాడ్ వాళ్లది మరొకటి. ఎవరి ఫైల్లో వాళ్లు పనిచేసుకుంటూ, పక్కవాళ్ల ఫైళ్లని లింకుగా తెచ్చుకుని చూస్తారు. చూడొచ్చు, ముట్టుకోకూడదు. ఆర్కిటెక్టు గదికి మూడు వైపులా సొంత పార్టిషన్ ఉండి నాలుగో వైపు లిఫ్టు కోర్ కాంక్రీటు గోడ ఉందనుకోండి, ఆ నాలుగో గోడ స్ట్రక్చర్ ఫైలుది. కంటికి కనిపిస్తుంది గానీ గది లెక్కలోకి రాదు. లింకు టైప్ ప్రాపర్టీస్ తెరిచి 'రూమ్ బౌండింగ్' అన్న చోట టిక్ పెడితేనే వస్తుంది. ఆ టిక్ పెట్టని స్థితిలోనే లింకు వస్తుంది.

స్థలం రిజిస్ట్రేషన్ దస్తావేజులో చెక్కుబంది రాసే తీరు గుర్తుకొస్తుంది నాకు. తూర్పున ఫలానా వారి ఇల్లు, దక్షిణాన ఫలానా వారి చేను, పడమర రోడ్డు. నాది ఎక్కడ ఆగుతుందో చెప్పాలంటే పక్కవాళ్ల పేర్లే రాయాలి. లింకు మోడళ్లలో గది సంగతీ అంతే. గది పేరు నా ఫైల్లో ఉంటుంది, దాని హద్దులు నలుగురి ఫైళ్లలో ఉంటాయి. అందుకే గది తెరుచుకున్నప్పుడు తప్పు గదిలో వెతికేవాడికి ఎంతకీ దొరకదు.

ఇదంతా ఎప్పటినుంచో ఉన్న తలనొప్పి కాదు. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ 1998 నవంబర్‌లో ప్రారంభమైంది. అప్పటికి రెవిట్ మార్కెట్లోకే రాలేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1997లో చార్లెస్ రివర్ సాఫ్ట్‌వేర్ పేరుతో పుట్టిన చిన్న కంపెనీ దాన్ని 2000లో విడుదల చేసింది, 2002లో ఆటోడెస్క్ 13.3 కోట్ల డాలర్లకు కొనేసింది. అంతకు ముందంతా ఆటోక్యాడ్ గీతలే. గది వైశాల్యం కావాలంటే గది లోపలి అంచు వెంట పాలీలైన్ తిప్పి లెక్క చూసేవాళ్లం. తప్పయితే తిప్పినవాడిదే తప్పు, అక్కడితో సరి. ఇప్పుడు అమీర్‌పేటలో రెవిట్ కోర్సులో గోడలూ తలుపులూ కుటుంబాలుగా నేర్పుతారు, గది పెట్టడం ఒక పూటలో అయిపోతుంది. కోర్సులో అన్ని గోడలూ ఒకే ఫైల్లో ఉంటాయి మరి.

టిక్ విషయానికి తిరిగొస్తాను. దాని గురించి కుర్రాళ్లకి చెప్పాల్సింది, అది ఒక గదిని మూయడానికి పెట్టేది అయినా ఆ లింకులో ఉన్న సమస్తానికీ వర్తిస్తుందని. గోడలతో పాటు స్తంభాలు, స్లాబులు కూడా గదులకు హద్దులవుతాయి. 600 బై 900 మిల్లీమీటర్ల స్తంభం గది మధ్యలో ఉంటే 0.54 చదరపు మీటర్లు, అంటే సుమారు 5.8 చదరపుటడుగులు ఠక్కున తగ్గిపోతాయి. లిఫ్టు లాబీ మూసుకుందని సంతోషించేలోపు పక్కనున్న ఆఫీసు హాలు వైశాల్యం మారిపోతుంది. ఆ స్తంభాన్ని హద్దుగా లెక్కించొద్దని చెప్పే వీలుంది, కానీ ఆ వీలు స్తంభం ఉన్న ఫైల్లోనే ఉంటుంది. అంటే మళ్లీ స్ట్రక్చర్ వాళ్లనే అడగాలి. 'నాట్ ఎన్‌క్లోజ్డ్' అన్న గడి కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 212 కాస్తా 209 అయిన గడి ఎవరి కంటా పడదు. నాకు భయం ఆ రెండోదంటేనే.

టిక్ పెట్టినా గది మూసుకోకపోతే అసలు పని మొదలవుతుంది. నేను చేసేది ఇదే: ఆ ఖాళీ మధ్యలో తాత్కాలికంగా ఒక సెపరేషన్ లైన్ గీసి రెండు ముక్కలు చేస్తాను. ఏ ముక్కలో గది మూసుకుంటే ఆ ముక్క బాగున్నట్టు. రెండోదాన్ని మళ్లీ రెండు చేస్తాను. కాసేపటికి సందు ఉన్న మూలకి చేరిపోతాను. తర్వాత ఆ గీతలన్నీ చెరిపేయడం మరిచిపోకూడదు.

సందు దొరికాక కారణం చూడాలి. మామూలుగా ఉండేది, ఒకే ఫైల్లో రెండు గోడలు దగ్గరకొస్తే వాటంతట అవే అతుక్కుంటాయి, రెండు ఫైళ్ల గోడలు అతుక్కోవు. స్ట్రక్చర్ వాళ్లు కోర్ గోడని ఓ ఇరవై మిల్లీమీటర్లు జరిపితే మన పార్టిషన్ కొస అక్కడే గాలిలో ఆగిపోతుంది. పాత భవనాల మరమ్మతు పనుల్లో ఫేజుల గొడవ ఉంటుంది: మన ఫేజు పేరూ వాళ్ల ఫేజు పేరూ జత కుదరకపోతే, కూల్చేసిన గోడ అని లెక్కేసుకుని గది దాన్ని దాటి పోతుంది. లింకు అన్‌లోడ్ అయి ఉంటే ఆ అంతస్తులో కోర్‌ని ఆనుకున్న గదులన్నీ ఒకేసారి విడిపోతాయి. అది మంచిదే, కారణం వెంటనే తెలుస్తుంది.

వీటన్నిటికన్నా నాకు ఇష్టమైన కేసు అద్దాల ముఖాలది. హైటెక్ సిటీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఏ ఐటీ భవనం చూసినా బయటంతా కర్టెన్ వాల్. ఆ అద్దం కొన్నిచోట్ల నేల మీంచి మొదలవదు. నేల మీద ఓ 300 మిల్లీమీటర్ల కాంక్రీటు గట్టు, దాని మీద అద్దం. గట్టుని స్ట్రక్చర్ వాళ్లు బీముగా మోడల్ చేస్తారు, అద్దాన్ని ఫసాడ్ వాళ్లు తమ ఫైల్లో గట్టు పైనుంచి మొదలుపెడతారు. ఇద్దరూ తమ పని సరిగ్గానే చేశారు. అయితే బీము గదికి హద్దు కాదు. గది హద్దు ఏ ఎత్తులో వెతకాలో లెవెల్‌కి ఒక అమరిక ఉంటుంది, కంప్యుటేషన్ హైట్ అంటారు, మామూలుగా అది సున్నా, అంటే నేలమట్టం. ఆ మట్టంలో వెతికితే దొరికేది బీము ఒక్కటే. గది గట్టు దాటి బయటికి కారిపోతుంది. మనిషి నిలబడి చూస్తే అద్దం ఉంది, చేత్తో తాకొచ్చు, సాఫ్ట్‌వేర్ మాత్రం పడుకుని చూస్తోంది. ఆ ఎత్తుని 400కి పెంచగానే మూసుకుంటుంది. కానీ అది మొత్తం అంతస్తుకి వర్తిస్తుంది. అదే అంతస్తులో వాలుగోడలున్న ఆడిటోరియం ఏదైనా ఉంటే దాని వైశాల్యం మారుతుంది. ఒక మూల సరిచేస్తే రెండో మూల చూసుకోవాల్సిందే.

ఎంఈపీ వాళ్ల బాధ ఇంకో రకం. వాళ్లు ఏసీ లెక్కల కోసం తమ ఫైల్లో 'స్పేస్'లు పెట్టుకుంటారు, హద్దులకి ఆర్కిటెక్టు ఫైలు మీద టిక్ పెడతారు. ఆర్కిటెక్టు తన ఫైల్లో స్ట్రక్చర్‌ని ఓవర్‌లేగా లింకు చేసి ఉంటే, అది వాళ్లదాకా రాదు. ఆర్కిటెక్టు తెరమీద బ్రహ్మాండంగా మూసుకున్న గది ఎంఈపీ తెరమీద బావురుమంటుంది. ఇద్దరూ ఒకే గది గురించి ఫోన్లో అరగంట వాదించుకోవడం నేను పక్క కుర్చీలోంచి విన్నాను. స్ట్రక్చర్ ఫైలుని నేరుగా తామే లింకు చేసుకుని, దానికీ టిక్ పెట్టుకుంటే పోయేది.

ఇప్పుడు మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి ఎంత వైశాల్యం కట్టొచ్చన్న హద్దు, పోయింది. కోకాపేట, నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు ఇప్పుడు లేస్తున్న నివాస టవర్ల ఎత్తు చూస్తే మెడ నొప్పెడుతుంది. వాటిలో చాలావరకు మైవాన్ షట్టరింగే: ఇటుక ఉండదు, బెడ్రూముకీ బెడ్రూముకీ మధ్య గోడ కూడా కాంక్రీటే, స్లాబుతో కలిపి ఒకేసారి పోసేస్తారు. అంటే ఫ్లాట్‌లో గోడలన్నీ స్ట్రక్చరల్ ఇంజినీరువి. ఆర్కిటెక్టు ఫైల్లో ఏం మిగులుతుంది? తలుపులు, కిటికీలు, టైల్స్, గది పేర్లు. తలుపు పెట్టాలంటే సొంత గోడ ఉండాలి, లింకు గోడలో తలుపు పెట్టలేం. దాంతో ఆర్కిటెక్టు అదే చోట తనదో గోడ గీసుకుంటాడు. ఒకే గోడ రెండు ఫైళ్లలో రెండుసార్లు. స్ట్రక్చర్ వాళ్లు 160 మందాన్ని 200 చేసిన రోజు గదులన్నీ మూసుకునే ఉంటాయి, ఒక్క వార్నింగూ రాదు, వైశాల్యాలన్నీ తప్పు.

ఇలాంటి చోట టిక్ పెట్టాలా వద్దా అని అడిగితే నా జవాబు, ముందు గోడ ఎవరిదో ప్రాజెక్టు మొదట్లోనే కాగితం మీద రాసుకోమని. ఐఎస్‌ఓ 19650 ప్రమాణం 2018లో వచ్చినప్పటి నుంచీ ఎవరు ఏ సమాచారం ఇవ్వాలో పట్టిక వేసుకోవడం బిమ్ పనుల్లో అలవాటైంది. ఆ పట్టికల్లో తలుపు హ్యాండిల్ దాకా ఉంటుంది, ఏ లింకు గదికి హద్దు అన్న వరుస మాత్రం అరుదుగా చూశాను.

సెపరేషన్ లైన్ గురించి నా కోపం ఇక్కడ చెప్పేస్తాను. వంటిల్లు, డైనింగు ఒకటే హాలుగా ఉన్నచోట, నిజంగా గోడే లేనిచోట, పేర్లు విడిగా కావాలంటే ఆ గీత కావాల్సిందే. కానీ సాయంత్రం ఆరింటికి ఫైలు పంపాల్సి వస్తే కాంక్రీటు గోడ వెంటే గీత గీసి గది మూసేస్తారు. షెడ్యూలు శుభ్రంగా ఉంటుంది. అమెరికాలోని ఒక ఆసుపత్రి మోడల్లో అలా గీసిన గీతలు మా చేతికొచ్చాయి. ఆ తర్వాత షియర్ వాల్ బయటికి జరిగింది, గీత పాత చోటే ఉంది, గది పాత కొలతతోనే కూర్చుంది. గీతకీ గోడకీ మధ్య ఏ గదికీ చెందని సన్నటి పట్టీ. రంగుల ప్లాన్ ప్రింటు తీసినప్పుడు అది తెల్లగా మిగిలిపోయి కనిపించింది కాబట్టి సరిపోయింది.

కొలతలో తేడా ఆ అమెరికా ఆసుపత్రిలో అయితే మీటింగుతో పోతుంది, కోకాపేటలో అయితే డబ్బుతో ముడిపడుతుంది. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించింది: బయటి గోడలు, సర్వీసు షాఫ్టులు, సొంత బాల్కనీ, సొంత టెర్రస్ మినహాయించి, లోపలి పార్టిషన్ గోడల మందాన్ని కలుపుకుని వచ్చే వైశాల్యం. రెవిట్ గది మామూలుగా గోడ ఫినిష్ దగ్గర ఆగుతుంది, పార్టిషన్ మందం ఏ గదిలోనూ పడదు. గదులన్నీ కూడితే కార్పెట్ ఏరియా వస్తుందనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఫ్లాట్‌లో 100 మందం పార్టిషన్లు మొత్తం ఇరవై మీటర్లుంటే రెండు చదరపు మీటర్లు, అంటే సుమారు ఇరవై ఒకటిన్నర చదరపుటడుగులు ఎగిరిపోతాయి. అడుగు రేటుతో మీరే గుణించుకోండి. కార్పెట్ ఏరియా కోసం ఏరియా ప్లాన్ వేరేగా వేయాలి, హద్దులు చట్టం చెప్పినట్టు పెట్టాలి.

కొత్త స్ట్రక్చర్ ఫైలు వచ్చినప్పుడల్లా మా దగ్గర ఇప్పుడు ఒక పద్ధతి ఉంది. లింకు రీలోడ్ చేసే ముందు గదుల షెడ్యూలు ఎక్సెల్‌లోకి తీస్తాం, చేశాక మళ్లీ తీస్తాం, పక్కపక్కన పెట్టి తేడాలు చూస్తాం. విడిపోయిన గదుల్ని కుర్రాళ్లు చూసుకుంటారు. కొద్దిగా మారిన వాటిని నేను తీసుకుంటాను. ఈ వారం వచ్చిన ఫైలుతో ఓ ఎలక్ట్రికల్ రూము అర చదరపు మీటరు చిన్నదైంది. గోడలు కదల్లేదు. వాళ్ల స్తంభం పెరిగిందా, లేక ఇన్నాళ్లూ హద్దు కాని స్తంభానికి ఎవరైనా టిక్ పెట్టారా అని మెయిలు పెట్టాం. స్విచ్ బోర్డు ప్యానెల్ ముందు వదలాల్సిన ఖాళీ ఆ జవాబు మీద ఆధారపడి ఉంది.